సెలవు ముగిసిన జవాను: బస్తర్ తిరుగు ప్రయాణంలో అసలు ప్రమాదం ఎక్కడ?

విశాఖపట్నంలో రాత్రి కిరండూల్ రైలు ఎక్కితే తెల్లవారేసరికి జగ్దల్‌పూర్ చేరుకోవచ్చు. విజయవాడ వైపు వారు కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి, భద్రాచలం, చింతూరు మీదుగా శబరి ఒడ్డునున్న కుంటకు వెళ్తారు. వరంగల్ వారు ఏటూరునాగారం దాటాక గోదావరి వంతెన మీదుగా భోపాలపట్నం, అక్కడి నుంచి బీజాపూర్ చేరతారు. తెలుగు రాష్ట్రాలను ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌తో కలిపే ప్రధాన మార్గాలు ఇవే. కేంద్ర రిజర్వు పోలీసు దళం (సీఆర్‌పీఎఫ్)లో పనిచేసే తెలుగు జవాన్లు సెలవు ముగించుకొని శిబిరాలకు తిరిగి చేరేదీ వీటి మీదుగానే.

ఈ ప్రయాణంలో పతాక శీర్షికలకు ఎక్కేది చివరి యాభై, అరవై కిలోమీటర్లు మాత్రమే. మందుపాతర పేలితే వార్త, పేలకపోతే ప్రయాణం సాఫీగా ముగిసినట్టే. అయితే కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటు ముందుంచిన లెక్కలు మరో కోణాన్ని చూపుతున్నాయి. కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, అస్సాం రైఫిల్స్, ఎన్‌ఎస్‌జీలలో కలిపి అంతకుముందు ఐదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2024 డిసెంబరులో రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలో హోంశాఖ వెల్లడించింది. ఆత్మహత్యల కారణాలను పరిశీలించిన టాస్క్‌ఫోర్స్ చెప్పిన విషయం ఇంకా కీలకమైనది. వాటిలో 80 శాతానికి పైగా ఘటనలు సిబ్బంది సెలవు నుంచి విధులకు తిరిగి వచ్చిన తరువాతే జరిగాయి. ఇవి దేశమంతటి బలగాలకు సంబంధించిన అంకెలే తప్ప ఒక్క బస్తర్‌వి కావు. కానీ సెలవుకు, విధికి మధ్య దూరం బస్తర్‌లో ఉన్నంతగా మరెక్కడైనా ఉంటుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

భార్య లేదా కుటుంబ సభ్యుల మరణం, దాంపత్య కలహాలు, ఆర్థిక ఇబ్బందులు, పిల్లల చదువుకు తగిన అవకాశాలు లేకపోవడం వంటివి కారణాలుగా ప్రభుత్వం పేర్కొంది. ఇవి యుద్ధరంగానికి చెందిన కారణాలు కావు, ఇంటికి చెందినవి. గట్టు తగాదా, పాసుపుస్తకంలో పేరు, తండ్రి ఆసుపత్రి ఖర్చు, చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు... నెలల తరబడి ఫోనులో ముక్కలు ముక్కలుగా విన్న సంగతులన్నీ సెలవులో ఒక్కసారిగా ఎదురవుతాయి. విశ్రాంతి కోసం ఇచ్చిన రోజులు తహసీల్దారు కార్యాలయంలో, బ్యాంకులో, పెద్దమనుషుల పంచాయతీలో ఖర్చయిపోతాయి. సమస్య తేలకముందే తేదీ దగ్గరపడుతుంది. సెలవు ఇస్తే చాలు, ఒత్తిడి తగ్గుతుందన్న పరిపాలనా భావన ఇక్కడే బెడిసికొడుతోంది. కొందరి విషయంలో సెలవే సమస్యను పూర్తిగా కళ్లముందుంచి, పరిష్కారానికి సమయం ఇవ్వకుండా వెనక్కి పంపుతోంది.

తేదీ దాటితే ఏమవుతుంది? సీఆర్‌పీఎఫ్ చట్టం (1949)లోని పదో సెక్షన్ ప్రకారం తగిన కారణం లేకుండా సెలవు గడువు మించి ఉండటం నేరం. ఏడాది వరకు జైలు, లేదా మూడు నెలల జీతం వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బలగాల వాడుకలో దీనిని ‘ఓఎస్‌ఎల్’ అంటారు. తెలుగులో సెలవు అన్న ఒక్క మాటకు అనుమతి, విరామం, వీడ్కోలు అన్న మూడు అర్థాలున్నాయి. చట్టం భాషలో అనుమతి ఒక్కటే మిగులుతుంది. క్రమశిక్షణ గల దళానికి ఆ నిబంధన అవసరమే. కానీ తల్లి శస్త్రచికిత్స వారం వాయిదా పడితే గడువు పొడిగింపు కోసం కంపెనీకి ఫోను చేయవలసిన జవానుకు, రైలు ఎక్కే నిర్ణయం వెనుక ఈ సెక్షన్ కూడా ఉంటుంది.

సెలవు దొరికే కాలం మరో చిక్కు. మావోయిస్టులు ఏటా వేసవిలో ‘టీసీఓసీ’ పేరిట దాడుల కాలం పాటిస్తూ వచ్చారు. ఆకులు రాలి అడవి పలచబడటం, వాగులు ఎండటం ఇందుకు కారణాలు. తేదీలు చూస్తే విషయం అర్థమవుతుంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది, 2017 ఏప్రిల్ 24న బుర్కపాల్ వద్ద 25 మంది, 2021 ఏప్రిల్ 3న టేకులగూడెం వద్ద 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ వద్ద పది మంది జవాన్లతో పాటు వారి వాహన డ్రైవరు మరణించారు. తెలుగు నాట పెళ్లి ముహూర్తాలు, ఊరి జాతరలు, బడి సెలవులు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. ఇల్లు ఎప్పుడు పిలుస్తుందో, కంపెనీ ఎప్పుడు వదలలేదో రెండూ ఒకే కాలం. టేకులగూడెం మృతుల్లో ఇద్దరు ఆంధ్రప్రదేశ్ వారు. ఒకరిది విజయనగరం జిల్లా, మరొకరిది గుంటూరు జిల్లా.

ఇక దారి సంగతి. కుంట నుంచి సుక్మా, జగ్దల్‌పూర్‌లకు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి వరకు సాధారణ బస్సులు నడుస్తాయి. జవాను మామూలు దుస్తుల్లో, మామూలు సంచితో అందులో కూర్చుంటాడు. పక్క సీట్లో ఖమ్మం, భద్రాద్రి జిల్లాల మిరప తోటల్లో కాయ కోసి, కూలి డబ్బుతో ఊరికి తిరిగి వెళ్తున్న ఆదివాసీ కుటుంబం ఉండవచ్చు. ఇద్దరిదీ తిరుగు ప్రయాణమే. 2010 మే 17న సుక్మా ప్రాంతంలోని చింగావరం వద్ద మావోయిస్టులు పేల్చివేసిన ప్రైవేటు బస్సులో ప్రత్యేక పోలీసు అధికారులూ, సామాన్య ప్రయాణికులూ కలిసే ఉన్నారు. మరణించిన 30 మందికి పైగా ప్రయాణికుల్లో రెండు వర్గాల వారూ ఉన్నారు.

దోర్నపాల్ వద్ద జాతీయ రహదారి వదిలి జగర్‌గుండ వైపు మళ్లితే లెక్క మారుతుంది. బుర్కపాల్, చింతల్‌నార్ ఆ రోడ్డు మీదివే. అక్కడ రోడ్ ఓపెనింగ్ పార్టీ కాలినడకన దారి తనిఖీ చేసిన తరువాతే రాకపోకలు. సెలవు ముగిసినవారు ఆ రోజు కోసం దారిలోని శిబిరాల్లో ఎదురుచూడటం ఏళ్లుగా సాగింది. మందుపాతరలను తట్టుకోవడానికి తయారైన వాహనాలు సైతం పూర్తి రక్షణ కావని 2018 మార్చి 13న కిస్టారం వద్ద తేలింది. అలాంటి వాహనం పేలిపోయి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ సిబ్బంది మరణించారు.

తిరుగు ప్రయాణాన్ని భద్రతా అంశంగా ప్రభుత్వం గుర్తించిన సందర్భం ఒకటుంది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ సిబ్బందిని బలిగొన్న దాడి జరిగింది జమ్మూ నుంచి శ్రీనగర్ వెళ్తున్న కాన్వాయ్‌పై. అందులో చాలామంది సెలవు ముగించుకొని విధులకు వెళ్తున్నవారే. వారం రోజుల్లో ఢిల్లీ-శ్రీనగర్, జమ్మూ-శ్రీనగర్ మార్గాల్లో సెలవు ప్రయాణాలకు కూడా అన్ని హోదాల వారికీ విమానయానం అనుమతిస్తూ హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 7.8 లక్షల మందికి ప్రయోజనం కలుగుతుందని చెప్పింది. ఆ ఉత్తర్వు శ్రీనగర్ మార్గాలకే పరిమితం. పైగా దారిని విమానంతో దాటించవచ్చు గానీ, ఇంటి నుంచి మోసుకొచ్చిన బాధను దాటించలేము.

హోంశాఖ దగ్గరున్న పెద్ద ఆలోచన వంద రోజుల పథకం. ప్రతి జవానూ ఏడాదిలో వంద రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామని 2019లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రకటించారు. ఏటా లభించే 60 రోజుల ఆర్జిత సెలవు, 15 రోజుల క్యాజువల్ లీవు కలిపినా 75 రోజులే. పైగా కుటుంబాన్ని వెంట ఉంచుకునే అవకాశం బస్తర్ అడవి శిబిరంలో లేదు. రాజ్యసభ సమాధానం ప్రకారం 2024లో అక్టోబరు వరకు వంద రోజులు కుటుంబంతో గడిపినవారు 6,302 మంది. మొత్తం బలగాల సంఖ్య దాదాపు పది లక్షలని గుర్తుంచుకోవాలి. రోజులు పెంచడం అవసరం. అయితే 80 శాతం అన్న అంకె అడిగే ప్రశ్న రోజుల గురించి కాదు, తిరిగి వచ్చిన తరువాతి మొదటి వారాల గురించి. ఆయుధం చేతికిచ్చి గస్తీకి పంపే ముందు ఇంటి దగ్గర ఏం జరిగిందని అడిగే మనిషి ఉన్నాడా?

సీఆర్‌పీఎఫ్ శిబిరాల్లో ‘చౌపాల్’ పేరుతో అధికారులు, జవాన్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉంది. మంచి ప్రయత్నమే. కానీ భాష గురించి ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. దళం దేశవ్యాప్తమైనది, శిబిరం వాడుక హిందీ. ఆజ్ఞ అందుకోవడానికి, రోల్‌కాల్‌లో జవాబివ్వడానికి ఆ హిందీ చాలు. భార్యతో వచ్చిన మనస్పర్థను, అప్పులవాడు నలుగురిలో అన్న మాటను రెండో భాషలో, పది మంది మధ్యలో, పై అధికారికి చెప్పడం వేరు. శ్రీకాకుళం యువకుడు ఆ స్థితిలో ‘సబ్ ఠీక్ హై’ అని ముగిస్తే ఆశ్చర్యం లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ టెలీ-మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది. సెలవు నుంచి వచ్చిన ప్రతి ఒక్కరితో మాతృభాష తెలిసినవారు విడిగా ఒకసారి మాట్లాడే పద్ధతి పెట్టడానికి కొత్త చట్టం, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మాట వచ్చింది కనుక అనువాదకుల తప్పిదం ఒకటి చెప్పాలి. సైన్యంలో పనిచేసేవారినీ, సీఆర్‌పీఎఫ్ వారినీ తెలుగు వార్తల్లో మేము ‘జవాను’ అనే రాస్తాం. పాఠకుడికి ఇద్దరూ ఒకటే. కానీ సైనికుడి కుటుంబానికి జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది. భూమి తగాదా వచ్చినా, కలెక్టరుకు అర్జీ పెట్టాలన్నా అది ఒక అండ. సీఆర్‌పీఎఫ్ హోంశాఖ పరిధిలోనిది కావడంతో ఆ వ్యవస్థలో వారికి సహజంగా చోటు లేదు. ఇంటి సమస్యే ప్రాణం మీదికి వస్తోందని టాస్క్‌ఫోర్స్ చెబుతున్నప్పుడు, ఆ సమస్య పరిష్కారం కావలసిన కలెక్టరేట్‌లో జవాను తరఫున అడిగేవారు లేకపోవడం చిన్న లోటు కాదు. ఇది రాష్ట్ర ప్రభుత్వాలు చేయగల పని.

వెళ్లి రావడానికి దూరమే లేనివారి స్థితి మరీ క్లిష్టం. జిల్లా రిజర్వు గార్డు (డీఆర్‌జీ), బస్తర్ ఫైటర్స్‌లో ఉన్నవారు ఆ నేలవారే. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రూ దగ్గర పేలుడులో మరణించిన ఎనిమిది మంది జవాన్లలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టు దళాల్లో ఉండి లొంగిపోయినవారని పోలీసులు తెలిపారు. వారికి సొంత ఊరే అన్నింటికన్నా ప్రమాదకరమైన చోటు. 2023 ఫిబ్రవరిలో కాంకేర్ జిల్లాలో, సెలవుపై ఇంటికి వచ్చిన సైన్యం జవానును మావోయిస్టులు ఊరి సంతలోనే కాల్చి చంపారు.

మావోయిజాన్ని తుదముట్టించేందుకు కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు నారాయణ్‌పూర్ ప్రాంతంలో, నవంబరు 18న మాడ్వి హిడ్మా మారేడుమిల్లి అడవుల్లో మరణించారు. మధ్యలో అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో లొంగిపోయారు. అయినా పాతిన మందుపాతరలు గడువులకు లొంగవు. అదే ఏడాది జూన్ 9న కుంట సమీపంలో పేలిన మందుపాతరకు అదనపు ఎస్పీ ఆకాశ్‌రావు గిరిపుంజే బలయ్యారు. హిడ్మా స్వగ్రామం పువర్తిలో 2024లోనే భద్రతా శిబిరం వెలిసింది. శిబిరాలు అడవి లోపలికి జరిగేకొద్దీ దోర్నపాల్ కూడలి నుంచి జవాను వెళ్లవలసిన దూరం పెరుగుతూ వచ్చింది. వర్షాకాలంలో వాగులు పొంగితే ఆ దూరం రోజుల్లో లెక్కకు వస్తుంది. అతని సెలవు పత్రం మీద తేదీ మాత్రం ఒకటే ఉంటుంది.