పరదేశమున మనవారు

పొరుగూరికి బోవునప్పుడు ఆ యూరి కట్టుబాటు నెరిగి మెలగుమని పెద్దలు పిన్నలకు బుద్ధి చెప్పుట తెలుగునాట ప్రతి యింటను గలదు. పొరుగు దేశమునకు బోవునప్పుడు మాత్రము ఈ బుద్ధి చెప్పువారు కరవైరి. పాసుపోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు, వడ్డీకి దెచ్చిన రొక్కము - వీనిని గూర్చియే యింటిల్లిపాదియు ఆలోచించుచున్నారు. చేరబోవు దేశమున నేది నేరమో, యేది మర్యాదయో అడుగువారు లేరు. 2025వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము పార్లమెంటునకు దెలిపిన లెక్క ప్రకారము పరదేశపు చెరసాలలలో నున్న భారతీయులు పదివేలకు పైబడిరి. వీరందరును ఆచారభేదము వలననే చిక్కుకొనిరని మేము చెప్పము. వారిలో నిజమైన నేరస్థులును ఉందురు. కాని తాము చేయునది నేరమని యెరుగకయే చేసి, సంకెలలు తొడిగించుకొనువారును గలరు. అట్టివారిని గూర్చియే మా విచారము.

మన వేటపాలెము చీరాల ప్రాంతమునకు ఆ దేశములతోడి సంబంధము క్రొత్తది గాదు. ఇచ్చటి మగ్గములపై నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశములకు విరివిగా ఎగుమతి యయ్యెడివి. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను నానవైచి, ఎఱ్ఱరంగు నిలుచునట్లు చేసి, ఆ యెడారివాసుల తలకు చల్లదన మిచ్చునట్లుగా మన నేతగాండ్రు నేయుచుండిరి. ఆ దేశమును వారు కన్నులార చూచి యెరుగరు. ఐనను కొనువాని అలవాటేమి, వానికి నచ్చు అంచేది, రంగేది యని శ్రద్ధతో నెరిగి నేసిరి. నేడు బట్టకు మారుగా మనిషియే పోవుచున్నాడు. బట్టను పంపునప్పుడు జూపిన శ్రద్ధ బిడ్డను పంపునప్పుడు చూపకుండుట యెట్టి న్యాయము?

చిన్న వస్తువులే యెంత ముప్పు తెచ్చునో చూడుడు. గసగసాలు మన వంటింటి దినుసు. మసాలా నూరు ప్రతి యిల్లాలి డబ్బాలోను అవి యుండును. అరబ్బు ఎమిరేట్సులోను, సౌదీ అరేబియాలోను అవి మాదకద్రవ్యపు మొక్క గింజలుగా నెంచబడి నిషేధింపబడినవి. కుమారునిపై ప్రేమతో తల్లి కట్టి యిచ్చిన మూటయే వానిని విమానాశ్రయమున దోషిని చేయగలదు. కోడీను గలిసిన దగ్గుమందు, ట్రమడాలు అను నొప్పి మాత్ర మొదలైనవియు ముందుగా అనుమతి పొందనిదే ఎమిరేట్సులోనికి గొనిపోరాదు. కువాయిటులో మద్యము పూర్తిగా నిషిద్ధము. రంజాను మాసమున పగటివేళ బహిరంగముగా తిన్నవానికి, త్రాగినవానికి ఆ దేశపు 1968వ సంవత్సరపు చట్టము నెల దినముల వరకు ఖైదు, నూరు దీనారుల వరకు జరిమానా విధించుచున్నది. మండుటెండలో గ్రుక్కెడు నీరు త్రాగుట తప్పా యని మనవాడు ఆశ్చర్యపడవచ్చును. ఆశ్చర్యము న్యాయస్థానమున ప్రతివాదము గాజాలదు.

ఇది అరబ్బు దేశముల మాట మాత్రమే గాదు. 2012వ సంవత్సరము డిసెంబరు నెలలో నార్వే దేశపు ఓస్లో జిల్లా న్యాయస్థానము ఒక తెలుగు దంపతులకు, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు కారాగారశిక్ష విధించెను. ఏడేండ్ల కుమారుని పలుమార్లు హింసించిరని వారిపై మోపిన అభియోగము. నాడు మన పత్రికలలో పెద్ద సంచలనము గలిగెను. కన్నబిడ్డను దండించుటకు తల్లిదండ్రులకు హక్కు లేదా యని పలువురు కోపించిరి. నార్వేలో బిడ్డలను గొట్టుట 1987వ సంవత్సరము నుండియు నిషిద్ధమని యెంతమంది యెరిగి కోపించిరో మేము చెప్పజాలము. ఆ దంపతులపై మాకు జాలి గలదు. పరాయి నేలపై, అయినవారికి దూరమై చెరకు బోవుట సామాన్య దుఃఖము గాదు. అయినను ఆ బాలుడును తెలుగుబిడ్డయే గదా! అభిమానమంతయు పెద్దలకే పంచిపెట్టి, బిడ్డకు రవ్వంతయు మిగుల్పకుండుట దేశాభిమానము గాదు. మన దేశముననే 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలలో బిడ్డలను గొట్టుట నిషేధించిన సంగతి మరువదగదు.

స్వదేశాభిమానులమైన మనము ఈ విషయమున ఒక సూత్రమును దృఢముగా నవలంబింపవలెను. 1883లో ఇల్బర్టు బిల్లు వచ్చినప్పుడు, భారతీయ న్యాయాధిపతి యెదుట తాము నిలువబోమని ఇచ్చటి తెల్లవారు గగ్గోలు పెట్టిరి. చీనాదేశమున ఆంగ్లేయులు నూరేండ్లు ఆ దేశపు చట్టమునకు లోబడక, తమ న్యాయస్థానములనే పెట్టుకొని, 1943లో గాని ఆ హక్కును వదలుకొనలేదు. ఆ అహంకారమును మనము గర్హించితిమి. ఎవని నేలపై నిలుచునో వాని ధర్మమునకు లోబడవలయునని వాదించితిమి. నాడు పరుల విషయమున న్యాయమైనది నేడు మన విషయమున అన్యాయమెట్లగును?

అట్లయినచో పరదేశపు శాసనమెట్టిదైనను తలవంచవలసినదేనా యని పాఠకు లడుగవచ్చును. వలదనియే మా సమాధానము. 1913లో దక్షిణాఫ్రికాలో సెర్లు న్యాయమూర్తి తీర్పు క్రైస్తవ విధిని జరుగని వివాహములు చెల్లవని చెప్పినప్పుడు, మన స్త్రీలు సైతము సత్యాగ్రహము చేసి చెరసాలలకు బోయిరి. 1914లో ఆ ప్రభుత్వమే దిగివచ్చి మన వివాహములను గుర్తించెను. ఆ ధిక్కారము ధర్మము. ఏలన ఆ తీర్పు మనవారిని హీనులుగా జేయునది. కాబట్టి ప్రతి శాసనమును ఒక్క ప్రశ్నతో పరీక్షింపుడు: ఆ దేశము తన బిడ్డలను గూడ దానిచే బంధించుచున్నదా? బంధించుచున్నచో అది ఆ యింటి కట్టుబాటు, అతిథి పాటింపవలసినదే. పరదేశీయుని మాత్రమే బంధించుచున్నచో ఎదిరింపవలసినదే.

నార్వే శాసనము నార్వే తల్లిదండ్రులకును వర్తించును. గసగసాల నిషేధము అరబ్బులకును వర్తించును. గల్ఫు దేశములలోని కఫాలా పద్ధతి యట్టిది గాదు. అది పరదేశపు కూలివానిని యజమాని చేతిలో బెట్టునది. జీతమియ్యని యజమానిని విడిచి వెళ్లినవాడు పారిపోయినవాడై, తానే నేరస్థుడగును. కడప నుండియు, కోనసీమ నుండియు కువాయిటునకు ఇంటిపనికి బోవు స్త్రీల కడగండ్లకు మూలమిదియే. సౌదీ అరేబియా 2021లో ఈ పద్ధతిని సడలించినను, ఆ సడలింపులో ఇంటిపనివారిని చేర్చలేదు. మన కోపమును, మన రాయబారుల వాదమును ఇచ్చట వెచ్చింపవలెను. గసగసాల మూట కొరకు చేయు గోల కఫాలా పై చేయవలసిన పోరాటమును బలహీనపరచును.

ప్రభుత్వము చేయవలసిన దేమి? 1963వ సంవత్సరపు వియన్నా ఒడంబడిక ప్రకారము పట్టువడిన పరదేశీయునికి తన దేశపు కాన్సలుతో మాటలాడు హక్కు గలదు. ఈ హక్కునే చాటి మన దేశము 2019లో అంతర్జాతీయ న్యాయస్థానమున గెలిచినది. గెలిచిన హక్కు పేరుగాంచిన ఖైదీకే గాక పేరులేని కూలివానికిని అందవలెను. వాని వాఙ్మూలము వానికి దెలియని భాషలో వ్రాయబడరాదు. తెలుగు దెలిసిన దుబాసి ప్రక్కన నుండవలెను. చిక్కిన పిమ్మట విడిపించుట యెంత కష్టమో సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురి కథ చెప్పుచున్నది. 2005లో దుబాయిలో జరిగిన ఒక నేపాలీయుని హత్యకేసున పట్టువడినవారు, హతుని కుటుంబము క్షమాపత్రము నిచ్చినను, సుమారు 18 ఏండ్లు చెరలో నుండి 2024లో గాని యిల్లు చేరలేదు. రోగము వచ్చిన వెనుక వైద్యుని వెదకుటకన్న ముందు జాగ్రత్త మేలు. ప్రయాణమునకు ముందు శిక్షణ యిచ్చు పద్ధతిని కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రారంభించినది. అది నగరములకే పరిమితము గాక పల్లెకు రావలెను, తెలుగున రావలెను.

ప్రజలు చేయవలసినదియు గలదు. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు మనకు గలవు. స్వరాజ్యోద్యమకాలమున దేశపు వార్తలను పల్లెకు జదివి వినిపించినవి గ్రంథాలయములే. దేశదేశముల నిషేధములను, శిక్షలను, మన కాన్సలు కార్యాలయముల చిరునామాలను తెలుగున కరపత్రములుగా గూర్చి, వారమున కొకనాడు ప్రయాణికులకు జదివి వినిపించుట గ్రంథాలయములకు తగిన పని. అక్షరజ్ఞానము లేని తల్లియు ఆ మాటలు విని తన మూటలో నేది కట్టవచ్చునో, యేది కట్టరాదో తెలిసికొనగలదు. పరదేశమున తెలుగువాని గౌరవము వాని పాసుపోర్టు రంగువలన రాదు. వాని నడవడివలన వచ్చును. ఆ నడవడికి కావలసిన తెలివిడి యిచ్చి పంపుట యిచ్చట నున్న మనందరి బాధ్యత.