సైకిలు సామానుకు సుంకమెంత?



గత సంచికలో ఖాతాలకు నామినేషన్ ఎందుకు అవసరమో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం వేరే విషయం ఎత్తింది. మైసూరు నుంచి మన సంఘ సభ్యులొకరు రాశారు. వారి అమ్మాయి సైకిలు పందేలకు సాధన చేస్తోంది. కావలసిన గేరు సామాను ఇక్కడ దొరక్క జర్మనీలోని ఒక దుకాణం నుంచి తెప్పించారు. సామాను ఖరీదు పదివేల చిల్లర. పార్సెలు గుమ్మం ముందుకు వచ్చాక కొరియరు కుర్రవాడు మరో మూడున్నర వేలు కడితేగానీ ఇవ్వనన్నాడట. "ఇది పన్నా, మోసమా? ఈసారి అమెరికాలో ఉన్న మా బావమరిది చేత 'బహుమతి' అని రాయించి పంపించుకుంటే సరిపోతుందా?" అని వారి ప్రశ్న.

మొదటి ప్రశ్నకు జవాబు: అది పన్నే. ఎలా వచ్చిందో లెక్క వేసి చూద్దాం.

కస్టమ్స్ వారు సామాను ధర ఒక్కదాని మీదే సుంకం వేయరు. ధరకు రవాణా ఖర్చు, ఇన్సూరెన్సు కలుపుతారు. ఇన్సూరెన్సు ఎంతో తెలియకపోతే సామాను ధరలో 1.125 శాతంగా లెక్కగడతారు. రవాణా తెలియకపోతే 20 శాతం. ఈ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చేది కూడా మన బ్యాంకు రేటుతో కాదు. కస్టమ్స్ వారికి నెలకు రెండుసార్లు విడిగా ప్రకటించే మారకపు రేటుతో. కాబట్టి కార్డు బిల్లులో కనిపించే అంకె, సుంకం రసీదులో కనిపించే అంకె ఒకటి కాకపోతే కంగారు పడనక్కరలేదు.

ఇక సుంకం మూడు మెట్లు. మొదటిది ప్రాథమిక సుంకం. 2012 బడ్జెట్‌లో పూర్తి సైకిళ్ళ మీద దీన్ని 10 నుంచి 30 శాతానికి, విడిభాగాల మీద 10 నుంచి 20 శాతానికి పెంచారు. లూధియానా వంటి చోట్ల ఉన్న మన సైకిలు పరిశ్రమను కాపాడడానికి చేసిన పని అది. రెండోది, 2018లో విద్యా సెస్సుల స్థానంలో వచ్చిన సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. ఇది ప్రాథమిక సుంకంలో పదో వంతు. మూడోది ఐజీఎస్టీ. దీన్ని పై రెండూ కలిపిన మొత్తం మీద వేస్తారు. అంటే పన్ను మీద పన్ను అన్నమాట.

లెక్క నేర్చుకోవడానికి 20 శాతాన్నే తీసుకుందాం. సామాను రూ. 10,000, రవాణా రూ. 1,500, ఇన్సూరెన్సు రూ. 100 అనుకోండి.

సుంకం వేసే విలువ – రూ. 11,600
ప్రాథమిక సుంకం 20 శాతం – రూ. 2,320
సర్‌ఛార్జి – రూ. 232
ఇంతవరకు మొత్తం – రూ. 14,152
దాని మీద ఐజీఎస్టీ 5 శాతం – రూ. 707.60
కట్టవలసిన సుంకం అంతా కలిపి – రూ. 3,259.60

2025 సెప్టెంబరు 22కు ముందు సైకిలు విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం ఉండేది. అప్పుడైతే ఇదే పార్సెలుకు రూ. 4,250 దాకా అయ్యేది. పైగా కొరియరు కంపెనీ మన తరఫున ముందుగా సుంకం కట్టి, ఆ పనికి తన చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. చిన్న పార్సెలుకు అసలు కంటే కొసరు ఎక్కువయ్యేది ఇక్కడే. అందువల్ల తపాలాకు, కొరియరుకు అయ్యే ఖర్చులు రెండూ పోల్చి చూసుకున్నాకే ఆర్డరు వేయాలి.

అన్ని భాగాలకూ ఒకే రేటు అనుకోకూడదు. ఫ్రేములు, ఫోర్కులు, బ్రేకులు, సీటు, పెడళ్ళు 8714 అనే శీర్షిక కిందికి వస్తాయి. టైరు 4011లోకి, ట్యూబు 4013లోకి పోతాయి. చైను ఇనుప గొలుసుల శీర్షిక 7315లోకి పోతుంది. సొంత వాడకానికి తపాలాలో, విమానంలో వచ్చే వస్తువులకు 9804 అని మరొక శీర్షిక ఉంది. దాని కింద లెక్కగడితే రేట్లు వేరు. అందుకే రసీదులో మొదట చూడవలసింది మొత్తం కాదు, ఏ శీర్షిక కింద వేశారన్నది. తప్పు శీర్షిక వేశారనిపిస్తే కస్టమ్స్ వారికి రాసి సరిచేయమనవచ్చు. కాదంటే, ఆదేశం అందిన 60 రోజుల్లోగా కమిషనర్ (అప్పీల్స్)కు అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

రెండో ప్రశ్న బహుమతి సంగతి. ఒకప్పుడు రూ. 5,000 వరకు విలువున్న బహుమతులకు సుంకం ఉండేది కాదు. ఆ దారిని వ్యాపారులు రహదారి చేసుకున్నారు. దాంతో 2019 డిసెంబరు 12న ప్రభుత్వం దాన్ని మూసేసింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు మిగిలింది. నిజమైన బహుమతికి కూడా సుంకం కట్టవలసిందే. ఇక కొన్న సామానుకు బహుమతి అని రాయించడం, పదివేల దానికి రెండువేలు అని రాయించడం తప్పుడు ప్రకటన అవుతుంది. సామాను జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పందెం వారం ఉందనగా సామాను గోదాములో చిక్కుకుంటే నష్టపోయేది ఆ పిల్లే. బావమరిదిగారిని ఈ చిక్కులోకి లాగవద్దు.

న్యాయంగా మిగుల్చుకునే దారులు లేకపోలేదు. జర్మనీలో 19 శాతం, ఇంగ్లండులో 20 శాతం వ్యాట్ ఉంది. ఎగుమతి అయ్యే సామానుకు దాన్ని తీసేసి అమ్మవచ్చు. 119 యూరోల వస్తువు మనకు 100 యూరోలకే రావాలన్నమాట. కొనే ముందు దుకాణం వారిని అడగండి. విదేశీ కొనుగోలు మీద మీ కార్డు ఎంత మార్కప్ వేస్తుందో, దాని మీద జీఎస్టీ ఎంతో మీ బ్యాంకులో కనుక్కోండి. షిమానో వంటి కంపెనీల సామాను మన దేశంలోనూ అమ్ముతున్నారు. పై లెక్క వేసి చూస్తే ఇక్కడి ధరే నయమని తేలడం కద్దు. వారంటీ కూడా ఇక్కడే దొరుకుతుంది.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆ మధ్య మా బ్రాంచికి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు వచ్చి ఫిక్సెడ్ డిపాజిట్ వెంటనే రద్దు చేయమన్నారు. చేతులు వణుకుతున్నాయి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడిగితే చెప్పారు. కస్టమ్స్ నుంచి ఫోను వచ్చిందట. మీ అబ్బాయి పార్సెలులో నిషిద్ధ వస్తువులున్నాయి, రెండు లక్షలు పంపకపోతే అరెస్టు చేస్తాం అన్నారట. అబ్బాయి నిజంగానే విదేశం నుంచి ఏదో తెప్పించుకుంటున్నాడు. ఆమె నమ్మింది అందుకే. అబ్బాయితో అక్కడి నుంచే మాట్లాడించాం. పార్సెలు అప్పటికే ఇంటికి చేరి రెండు రోజులైందన్నాడు. డబ్బు దక్కింది.

కస్టమ్స్ వారు సుంకాన్ని ఎవరి సొంత ఖాతాలోకీ వేయమనరు, ఫోనులో అరెస్టు చేయరు. 2019 నవంబరు నుంచి వారి ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటోంది. అది అసలుదో కాదో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. అనుమానం వస్తే ఫోను పెట్టేయండి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పి, వెంటనే మీ బ్యాంకుకు రండి. ఇంట్లో పిల్లలు విదేశం నుంచి ఏం తెప్పిస్తున్నా, ఎంత సుంకం పడవచ్చో పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. లెక్క తెలిసినవారిని బెదిరించడం కష్టం.

సుంకం రేట్లు బడ్జెట్టుతో మారుతుంటాయి. ఆర్డరు వేసే నాటి రేటు చూసుకోవడం మరవకండి. మీ సందేహాలు సంఘ కార్యాలయానికి రాయండి. వచ్చే సంచికలో లాకరు ఒప్పందాల గురించి మాట్లాడుకుందాం.