అన్ని బొమ్మలకూ ఒకే ఎనభయ్యా?

వెబ్‌సైట్లో పెట్టే ఫొటో ఎలా సేవ్ చెయ్యాలని ఎవరిని అడిగినా ఒకటే మాట: జేపెగ్, క్వాలిటీ 80, అయిపోయింది. పాతబస్తీ దుకాణాలకు సైట్లు కట్టిపెట్టే కుర్రాళ్లకైతే అది వేదవాక్కు. నేనొప్పుకోను.

ఆ 80 అనేది శాతం కాదు. ఫొటోలో నూటికి ఎనభై పాళ్లు మిగిలిందని దానికి అర్థం లేదు. ఎంత వివరం వదిలెయ్యాలో చెప్పే గుర్తు అది, ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా పనిచేస్తుంది. ఫొటోషాప్‌లో మామూలుగా జేపెగ్ సేవ్ చేస్తే కొలతే 12 దగ్గర ఆగుతుంది.

లాడ్ బజార్ లక్క గాజునే తీసుకోండి. ఎర్రటి లక్క మీద ఆవగింజంత అద్దాలు, రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత బాగా రంగు తేడాల్ని పట్టదు. ఆ ధీమాతోనే చాలా సాఫ్ట్‌వేర్లు నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు దాస్తాయి. చార్మినార్ వెనకాల ఆకాశానికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు, దానికి 70 పెట్టినా చెల్లుతుంది. గాజు మీద మాత్రం ఎరుపు పక్క రాయిలోకి పాకి, అంచులు అలుక్కుపోతాయి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం తెర మీద ప్లాస్టిక్ గాజైపోతుంది.

రంగు దాచే పద్ధతి మారకుండా 80ని 95 చెయ్యడం దీనికి మందు కాదు, బరువు పెరగడమే మిగులుతుంది. క్రోమా సబ్‌శాంప్లింగ్ అనే అమరిక దగ్గర, నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు దాచే 4:2:0 తీసేసి, ప్రతి పిక్సెల్‌కూ దాని రంగు దాచే 4:4:4 పెట్టండి. అప్పుడు నంబరు 75కి దించినా చాలాసార్లు ఎరుపు నిలుస్తుంది. వెబ్‌పీకి మారితే గొడవే ఉండదనేవాళ్లు కొందరు. గూగుల్ 2010లో తెచ్చిన ఆ ఫార్మాట్ బరువు తగ్గిస్తుంది, కాదనను. కానీ వివరం వదిలేసే దాని పద్ధతిలో 4:2:0 తప్ప మరో దారి లేదు. ఏవీఐఎఫ్ అనే ఫార్మాట్‌లో 4:4:4 ఉంది, కావాలంటే అటు పోవచ్చు.

మరో చోద్యం చూడండి. ఫోను తీసిన 4000×3000 ఫొటోను అలాగే ఉంచి, ఫైలు చిన్నదవ్వాలని నంబరు 40కి నొక్కేస్తారు! ముందు 1200×900కి కుదిస్తే పిక్సెళ్లు పదకొండో వంతుకు వస్తాయి, 85 పెట్టినా భారమనిపించదు. పైగా దుకాణదారు వాట్సాప్‌లో పంపే ఫొటోను ఆ యాప్ అప్పటికే ఒకసారి నలిపి ఉంటుంది. డాక్యుమెంటుగా పంపమని అడగడానికి బద్ధకమేమిటో!

అత్తరు దుకాణం ధరల పట్టికనూ జేపెగ్‌లోకే తోస్తారు. ఉర్దూ అక్షరాల నుక్తాల చుట్టూ దుమ్ము లేస్తుంది, ఏది చుక్కో ఏది మరకో తెలియదు. తెల్లటి నేల, నల్లటి అక్షరాలు ఉన్న అలాంటి బొమ్మకు పీఎన్‌జీ ఉంది: చుక్క చెదరదు, చాలాసార్లు ఫైలూ చిన్నదే.