కరెంటుకి భాష లేదట! మరి వైరు రంగుకి?

తమ్ముళ్లూ, ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై జర్మనీ వైపు చూస్తున్నవాళ్లూ, ఇప్పటికే వచ్చి సైట్లలో హెల్ఫర్‌గా గోడలు కోస్తున్నవాళ్లూ, ఈ పోస్టు మీకే. కొంచెం పెద్దది, డ్యూటీకి పోయే దారిలో చదువుకోండి.

మన గ్రూపుల్లో ఎవరైనా కుర్రాడు "అన్నా, జర్మన్ ఎంతవరకు నేర్చుకోవాలి?" అని అడిగితే చాలు, ఒక జవాబు రెడీగా ఉంటది: "కరెంటుకి భాష లేదు తమ్ముడూ. చేతిలో పనుంటే ఎక్కడైనా బతికేస్తావ్." దానికింద లైకులే లైకులు. వినడానికి బాగానే ఉంటది. కానీ ఈ మాట నమ్మి వచ్చినోడు ఒకటి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు, లేదంటే పదేళ్లయినా హెల్ఫర్‌గానే మిగిలిపోతాడు.

ముందు ప్రాణం సంగతి. మన చేతులకి అలవాటైంది ఆర్‌వైబీ: ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ ఫేజులు గోధుమ, నలుపు, బూడిద. న్యూట్రల్ నీలం. అర్థమైందా? మనకి న్యూట్రల్ అయిన నలుపు ఇక్కడ ఫేజు, మనకి ఫేజు అయిన నీలం ఇక్కడ న్యూట్రల్. ఇంకా ఉంది. 1965కి ముందు వైరింగ్ చేసిన పాత ఇళ్లల్లో ఎరుపు అంటే ఎర్తు! బూడిద అంటే న్యూట్రల్! రంగు చూసి "మనకి తెల్వదా" అని చెయ్యి పెట్టావో, అంతే.

"టెస్టర్ ఉందిగా" అంటారా? మన జేబులో ఉండే ఆ నియాన్ టెస్టర్‌కి ఇక్కడి పనోళ్లు పెట్టిన పేరు ల్యూగెన్‌ష్టిఫ్ట్. అంటే అబద్ధాల పెన్ను. దాని సర్క్యూట్ పూర్తయ్యేది నీ ఒంట్లోంచి. రబ్బరు బూట్లేసుకుని చెక్క నిచ్చెన మీద నిలబడితే వెలగకపోవచ్చు. ఎండలో వెలిగినా కనపడకపోవచ్చు. వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం జూదం. ఇక్కడ రెండు పోల్స్ టెస్టర్ వాడతారు, సైట్‌లో డుస్పోల్ అంటే అందరికీ తెలుసు. ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకో, తర్వాత నీ పాయింట్ మీద పెట్టు.

ఐదు సేఫ్టీ రూల్స్ ఉన్నాయి. ఆఫ్ చెయ్యి. మళ్లీ ఎవరూ ఆన్ చెయ్యకుండా లాక్ చెయ్యి. అన్ని పోల్స్ మీదా కరెంటు లేదని చూడు. ఎర్త్ చేసి షార్ట్ చెయ్యి. పక్కన లైవ్‌లో ఉన్నవాటిని కప్పెయ్యి. ఈ ఐదూ ఇదే వరసలో, జర్మన్‌లో, నిద్రలో లేపి అడిగినా రావాలి. "ఉంటర్ ష్పానుంగ్" అంటే లైవ్‌లో ఉందని. మేస్త్రీ ఆ మాట అరిచినప్పుడు అర్థంగాక "యా, యా" అని తలూపితే ఏమైతదో చెప్పాల్నా?

ఇక బతుకు సంగతి. ఇక్కడ ఎలెక్ట్రోఫాహ్‌క్రాఫ్ట్ అనే మాటకి అర్థం రూల్‌లోనే రాసి ఉంది: చదువు, అనుభవం, దాంతోపాటు ఆ పనికి సంబంధించిన నియమాలు తెలిసి, ప్రమాదాన్ని ముందే పసిగట్టగలిగినవాడు. ఆ నియమాలన్నీ జర్మన్‌లో ఉంటాయి. పనయ్యాక కొలతలు తీసి ప్రోటోకోల్ రాయాలి, దానికింద సంతకం పెట్టాలి. చెయ్యి ఎంత నేర్పుగలదైనా ఆ కాగితం చదవలేనోడికి సంతకం లేదు. సంతకం లేనోడు హెల్ఫరే.

తప్పంతా మన పిల్లలదే అని మాత్రం అనను. నేను చేసిన ఒక కంపెనీలో కాగితం మీద నేను హెల్ఫర్, జీతం హెల్ఫర్‌ది, కానీ పొద్దున్నే టూల్ బ్యాగ్ ఇచ్చి ఇంటింటికీ ఒక్కణ్నే పంపేవాళ్లు. ఏమన్నా అయితే "హెల్ఫర్ కదా, ఎందుకు ముట్టుకున్నాడు" అనడానికి దారి ముందే వేసుకున్నారు. "మా దగ్గర పనోళ్లు లేరు, రండి రండి" అని పిలిచే దేశంలో ఇలాంటి ఓనర్లకి భాష రాని పనోడంటే బంగారు బాతు. "కరెంటుకి భాష లేదు" అని మనం లైకులు కొట్టేది వాళ్లకోసమే.

"అన్నా, అప్పు మీద వడ్డీ పెరుగుతోంది, ఏడాది కూర్చుని భాష నేర్చుకునే తీరిక ఎక్కడిది?" అంటారు. నిజమే. కానీ ఆ ఏడాది మిగిల్చుకున్నోడు ఆ అప్పే హెల్ఫర్ జీతంతో ఎన్నేళ్లు కడతాడో లెక్కేసుకోండి.

కాబట్టి చెయ్యాల్సింది ఇది:

ఊళ్లో ఉన్నప్పుడే అనుభవం సర్టిఫికెట్లు తెచ్చుకోండి. "బాగా పనిచేశాడు" అని రాస్తే చాలదు. ప్యానెల్ వైరింగా, మోటార్ కంట్రోలా, కేబుల్ పనా, ఎన్ని నెలలు, అన్నీ రాయించండి. ఐటీఐ సిలబస్ కాపీ కూడా.

ఆనర్‌కెన్నుంగ్‌కి అప్లై చెయ్యండి. ఇళ్ల వైరింగ్ లైన్ అయితే హాండ్‌వెర్క్స్‌కామర్, ఫ్యాక్టరీ లైన్ అయితే నూర్న్‌బెర్గ్‌లో ఉన్న ఐహెచ్‌కే ఫోజా. మనది రెండేళ్ల ఐటీఐ, ఇక్కడి కోర్సు మూడున్నరేళ్లు. సగం గుర్తింపే రావచ్చు. అది ఫెయిల్ కాదు. ఏది తక్కువైందో ఆ కాగితంలోనే ఉంటది, అది పూర్తి చేస్తే పూర్తి గుర్తింపు.

2024 మార్చి నుంచి ఉద్యోగం చేస్తూనే ఈ గుర్తింపు పూర్తి చేసుకునే వీసా ఉంది. కనీసం రెండేళ్ల కోర్సు, ఏ2 జర్మన్, ఉద్యోగ ఒప్పందం కావాలి. ఏ2తో దిగండి, బీ1తో ఆగకండి. ఆపర్చునిటీ కార్డు మాత్రం ఉద్యోగం వెతుక్కోవడానికే, దాని మీద వారానికి 20 గంటలే పని.

ఏజెంటుకి చట్టప్రకారం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే లేచి వచ్చెయ్యండి. లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్‌లో చూడండి. ముందు టామ్‌కామ్, ఓంక్యాప్‌లో అడగండి.

జర్మనీలో మామూలు కనీస కూలి 2025లో గంటకి 12.82 యూరోలు. ఎలక్ట్రికల్ పనికి వేరే కనీస కూలి ఉంది, 2025లో అది 14.41. హెల్ఫర్ అయినా సరే. మీ పేస్లిప్ ఇవాళే తీసి చూడండి. తేడా ఉంటే ఫైరె ఇంటెగ్రాసియోన్ ఆఫీసులో ఫ్రీగా సలహా ఇస్తారు. ఐజీ మెటాల్ యూనియన్‌లో చేరండి.

వారాంతంలో "తెలిసినోళ్ల ఇల్లే, క్యాష్ ఇస్తారు" అని వైరింగ్ ఒప్పుకోకండి. ఆ పని రిజిస్టర్ అయిన కంపెనీయే చెయ్యాలి. ఇల్లు కాలితే ఆ తెలిసినోళ్లకి మీరెవరో తెలియదు.

ఈసారి ఎవరైనా కుర్రాడు అడిగితే లైకుల కోసం డైలాగులు కొట్టకండి. నలుపు ఇక్కడ ఫేజు అని చెప్పండి. అక్కణ్నుంచి మొదలెట్టండి.