ఇల్లడ యుంచుకొన్నవారి ధర్మము

నమ్మకముపై నొకరియొద్ద దాచిన సొమ్మునకు మన పెద్దలు ఇల్లడ యని పేరిడిరి. స్మృతికారులు దానిని నిక్షేపమనిరి. లోనిదేమో చెప్పక మూసి ముద్రవేసి యొప్పగించినచో ఉపనిధి యనిరి. ఉపనిధిని పుచ్చుకొన్నట్లే తిరిగి యీయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించి, ఒక మినహాయింపు చెప్పెను: రాజు గాని, దైవము గాని, దొంగలు గాని హరించినచో దాచినవాడు నష్టమిచ్చుకొననక్కరలేదు. రాజును దొంగలను ఒకే సమాసమున గూర్చిన యా స్మృతికారుని లోకజ్ఞత మెచ్చదగినది.

నేడు కోట్లకొలది జనులు తమ యుత్తరములను, ఛాయాచిత్రములను, లెక్కలను సాఫ్ట్‌వేర్ కంపెనీలయొద్ద ఉపనిధిగా నుంచుచున్నారు. ప్రభుత్వోద్యోగి యాజ్ఞాపత్రముతో వచ్చి, ఫలానివాని యుత్తరములిమ్మని యడిగినపుడు కంపెనీ యేమి చేయవలెను? “రాజు తీసికొనెను, మేమేమి చేయుదుము?” అని పెక్కుకంపెనీలు యాజ్ఞవల్క్యుని మినహాయింపునే శరణుజొచ్చును. ఈ సమాధానము చాలదని నా వాదము. పూర్వము రాజభటులు పెట్టెను గొనిపోయినచో, సొమ్ముగలవానికి పెట్టె పోయినదని తెలిసెడిది; అతడు ధర్మాసనమునకు బోయి మొరపెట్టుకొనెడివాడు. నేడు పెట్టె కదలదు; నకలు మాత్రము వెళ్లిపోవును. దాచినవాడు నోరు విప్పనిచో సొమ్ముగలవానికి చెప్పువారే లేరు. కావున ప్రశ్నించుట, తగ్గించుట, తెలియజేయుట యను మూడు విధులు కంపెనీపై నున్నవి.

వీనిని విడిచినచో నేమగునో చీనాదేశమున జూచితిమి. 2004లో తియనాన్మెన్ ఘోరమునకు 15 ఏండ్లు నిండుచుండగా, పత్రికలెట్లు మెలగవలెనో చెప్పుచు నచటి ప్రభుత్వమొక రహస్యపుటుత్తరువు పంపెను. షి టావ్ అను పత్రికారచయిత దాని సారమును తన యాహూ ఈ-మెయిలు ద్వారా విదేశమునకు బంపెను. అధికారులడుగగా యాహూవారు ఆ ఖాతా వివరములొసగిరి. 2005లో అతనికి 10 ఏండ్ల చెఱ విధింపబడెను. స్థానికచట్టమును పాటింపక తప్పదని కంపెనీ చెప్పుకొనెను. 2007 నవంబరులో అమెరికా కాంగ్రెసు విచారణసభలో కంపెనీ యధిపతి జెర్రీ యాంగ్ ఆ ఖైదీ తల్లికి తలవంచెను. ఆ నమస్కారము చెఱ తలుపు తెరువలేదు. షి టావ్ 2013లో గాని విడుదల కాలేదు.

మఱియొక తెరువు కలదు. 2013 డిసెంబరులో న్యూయార్కునందలి యొక న్యాయాధికారి, ఒక ఖాతాలోని యుత్తరములిమ్మని మైక్రోసాఫ్టునకు వారంటు పంపెను. అమెరికాలోనున్న ఖాతా వివరములను కంపెనీ యిచ్చెను. ఐర్లాండున డబ్లిన్ నగరములో దాచిన యుత్తరములను మాత్రమీయక న్యాయస్థానమున వాదించెను. క్రింది కోర్టున నోడెను. 2016 జూలైలో అప్పీలు కోర్టున గెలిచెను. సుప్రీంకోర్టు తీర్పు చెప్పకముందే, 2018 మార్చిలో కాంగ్రెసు కొత్త చట్టము చేసి, సొమ్ము ఏ దేశముననున్నను కంపెనీ యీయవలసినదే యని నిర్ణయించెను. ఇది వర్తకలాభముకొఱకు చేసిన పోరాటమందురా? కావచ్చును. పోరాడియు నేమి మిగిలినదందురా? చీకటి గదిలో గుమాస్తా తేల్చెడి ప్రశ్నను న్యాయమూర్తులును శాసనసభ్యులును పదుగురెదుట తేల్చవలసివచ్చినది. అది సామాన్యమైన లాభము కాదు.

ఈ కంపెనీయే 2016 ఏప్రిలులో అమెరికా న్యాయశాఖపై దావా వేసి యొక లెక్క బయటపెట్టెను. ఖాతాదారునకు చెప్పరాదని 18 మాసములలో 2,576 పర్యాయములు తమ నోరు కట్టిరనియు, అందు 1,752 ఉత్తరువులకు గడువే లేదనియు జెప్పెను. 2017 అక్టోబరులో న్యాయశాఖ, అట్టి యుత్తరువులను సామాన్యముగా ఒక యేడాదికి మించి కోరరాదని నియమము చేయగా దావా విరమింపబడెను. అడిగినవాడుండుటచేతనే యా గడువు వచ్చినది.

ఇక మన దేశమున జూతము. తపాలా సంచిలోని కార్డును ఇప్పించుకొనవలెనన్నచో జిల్లా మేజిస్ట్రేటో న్యాయస్థానమో యుత్తరువీయవలెను. ఇంగ్లీషువారి నాటి యీ కట్టుబాటును, 2024 జూలై నుండి యమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 95వ సెక్షనున నిలుపుకొన్నది. కాని దానికి ముందరి 94వ సెక్షను ప్రకారము, దర్యాప్తునకు వలయునన్నచో ఎలక్ట్రానిక్ సందేశములను దెమ్మని ఠాణా యధికారియే వ్రాతమూలమున నాజ్ఞాపింపవచ్చును. అణాకార్డునకున్న గౌరవము ఈ-మెయిలునకు లేకపోవుటకు హేతువేమి? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 69వ సెక్షను క్రిందనైతే హోంశాఖ కార్యదర్శి యుత్తరువు చాలును. న్యాయమూర్తి సంతకము వలదు. సమీక్షాసంఘమునను ఉద్యోగులే యుందురు. సహకరింపనివారికి 7 ఏండ్లవరకు కారాగారము. 2009 నాటి నియమముల ననుసరించి సర్వమును రహస్యము. 2017 ఆగష్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. హక్కు కలదు, అది భంగమైనదని తెలిసికొను దారియే లేదు.

“తప్పు చేయనివానికి భయమేల?” అని కొందరందురు. ప్రభుత్వము పత్రికలకేమి చెప్పినదో లోకమునకు జెప్పుటయే షి టావ్ చేసిన తప్పు. తప్పేదో నిర్ణయించువాడును పెట్టె తెరచువాడును ఒక్కడే యైనచో నిరపరాధి యెవ్వడు? “కంపెనీ వర్తకుడు, న్యాయవిచారణ వానికేల?” అని మఱికొందరందురు. కంపెనీ న్యాయమూర్తి కానక్కరలేదు; సందేహము కలిగినపుడు న్యాయమూర్తి కడకు బోయిన జాలును. హంతకులను, పసిబిడ్డలను చెఱచువారిని దాచుమని నేననుట లేదు. ఇంత నేరము, ఇన్ని దినములు, ఈ యొక్క ఖాతా యని న్యాయమూర్తి నిర్ణయించి యుత్తరువిచ్చినచో, ఇచ్చుటయే ధర్మము.

కావున కంపెనీలు నోటిమాటపై నేమియు నీయరాదు. అడిగినదానికంటె నొక్క యక్షరమెక్కుడుగా నీయరాదు. చట్టము నిషేధింపనంతవఱకు ఖాతాదారునకు ముందుగా దెలుపవలెను. ఏటేట నెన్ని యాజ్ఞలు వచ్చెనో, ఎన్నింటిని ద్రోసిపుచ్చిరో ప్రకటింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అవసరము తీరిన సొమ్మును దాచియుంచరాదు. ఇంట లేనిదానిని ఏ భటుడును గొనిపోలేడు. శాసనకర్తలు తపాలా సంచికిచ్చిన రక్షణను కంపెనీ పెట్టెకును ఈయవలెను. రహస్యమునకు గడువు విధింపవలెను. చదువరులును ఖాతా తెరచునపుడు ధర యెంత యని మాత్రమే యడుగక, రాజభటుడు వచ్చిననాడు మాకు జెప్పుదురా యని యడుగవలెను. అడుగని ఖాతాదారునకు జవాబు చెప్పు కంపెనీ లేదు.