రైలు రాకపోవడమే అందమా?

"కోనసీమకి రైలు రాకపోవడమే దాని అందం" అంటారు కొందరు. కారున్న మహానుభావులు లెండి! రాజమండ్రిలో రైలు దిగి, చంకలో పిల్లాడితో, చేతిలో పెట్టెతో అమలాపురం బస్సు కోసం నిలబడ్డ ఇల్లాల్ని అడగండి, ఆ అందమేమిటో చెబుతుంది.

2002లో ఎదుర్లంక వంతెన వచ్చింది. కొబ్బరితోటల సొగసేమైనా తరిగిందా? 1940లో యుద్ధం కోసం పీకేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలు 2004లో మళ్ళీ పడ్డాయి. బండి మాత్రం గౌతమి ఒడ్డునే ఆగింది. నదులు దాటి నరసాపురం చేరాల్సిన లైను 2000–01లో మంజూరైంది. అప్పుడు పుట్టిన పిల్లలకి పెళ్ళీడొచ్చింది, రైలు రాలేదు!

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సు ఉచితం. సంతోషమే. కానీ వేళకి బస్సంటూ ఉండాలి కదా! ఒంటరిగా బయల్దేరిన ఆడమనిషి పొద్దుగూకేలోగా దిండి చేరగలగాలి. అంతవరకూ అందం గురించి ఉపన్యాసాలొద్దు.