జీతానికి వాలంటీరు, ఫీజుకి సంపన్నురాలు!

రెంటచింతల ఎండ గురించి ఏటా పత్రికలన్నీ రాస్తాయి. ఆ ఎండలో రోడ్డు మీద నిలబడి డ్యూటీ చేసే హోంగార్డు స్త్రీ గురించి ఎవరు రాస్తారు? చట్టం దృష్టిలో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. చాకిరీ మాత్రం పోలీసులతో సమానం. సుప్రీంకోర్టు 2015లో మందలించాక, 2019లో మన రాష్ట్రం రోజు భత్యం 710 రూపాయలు చేసింది.

ఇంటరుతో చదువాగిపోయిన ఆమె డిగ్రీ చదవాలనుకుంటే? డ్యూటీ మానలేదు కనుక దూరవిద్యే దిక్కు. 2019లోనే వచ్చిన విద్యాదీవెన దూరవిద్యకు వర్తించదన్నారు. పోనీ, ఎలాగో తంటాలు పడి రెగ్యులర్ కాలేజీలోనే చేరిందనుకుందాం. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. నెలకు ముప్ఫై రోజులూ సెలవన్నది లేకుండా నిలబడితే ఆమెకొచ్చేది 2,55,600. ఒంటరి తల్లయినా సరే, ఆ అయిదువేల ఆరువందల నేరానికి ఫీజు తనే కట్టుకోవాలి!

అగ్నివీరులకు 2022లో ఇగ్నో డిగ్రీ ప్రకటించారు, శిక్షణకే సగం క్రెడిట్లిచ్చి. అమెరికాలో పార్ట్‌టైము సైనికులైన నేషనల్ గార్డులకు కాలేజీ ఫీజు సాయం ఉంది. మన హోంగార్డు చేసిన పాపమేమిటి?

డ్యూటీ భత్యాన్ని ఆదాయంలో లెక్కించొద్దు. దూరవిద్య ఫీజు ప్రభుత్వమే కట్టాలి. ఈ రెండూ రాసి నరసరావుపేట కలెక్టరేటులో సోమవారం అర్జీ ఇద్దాం. యూనిఫారంలో ఉన్నవాళ్లు సంతకం పెట్టడానికి భయపడతారు, మనం పెడదాం.